సుంకరి నిలిచిన చోట



మన గుడులలో పాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకములు పురుషోత్తమ చౌదరిగారు వ్రాసినవి. వారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. అప్పుడు పర్లాకిమిడియు, మన శ్రీకాకుళమును గంజాము జిల్లాలోనివే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరెను.

1833లో వారు కటకమున బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో అట్టి పుట్టుక గలవానికి దాని వెల యెంతో ఆలోచించుడి. బంధువుల పంక్తి, ఊరిలోని గౌరవము, అన్నియు పోవును. పిమ్మట శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో సువార్త ప్రకటించి, 1890లో ప్రభువునందు నిద్రించిరి.

వారికి విద్య కలదు, వంశము కలదు. అయినను దేవుని యెదుట వానిని చూపలేదు. దేవాలయములో దూరముగా నిలిచిన సుంకరివలె కృపనే అడిగిరి. పరిసయ్యుడు తన ఉపవాసములను లెక్కించెను. సుంకరికి లెక్కింపదగినది ఏదియు లేదు. నీతిమంతుడై ఇంటికి పోయినవాడు ఇతడే.

నేను వేదాంత పాఠశాలనుండి క్రొత్తగా వచ్చినప్పుడు ఒక పల్లెలో గంటసేపు ప్రసంగించితిని. వినువారు కునికిరి. పిమ్మట అక్షరము రాని ఒక ముసలమ్మ చౌదరిగారి కీర్తన ఎత్తుకొనగా, సంఘమంతయు మోకరించెను. ఆ దినమున నా చదువు నన్ను సిగ్గుపరచెను.

ప్రియులారా, మన గుడిలో ముందు వరుస ఎవరికిచ్చుచున్నాము? కులమునకా? కలిమికా? పట్టాకా? కృప చేత రక్షింపబడినవారికి వేరు వరుస లేదు. ఈ ఆదివారము ఆ కీర్తనలు పాడునప్పుడు సుంకరి ప్రక్కన నిలిచి పాడుదము. ఆమేన్.