కొలరాడో నది: మంచు పడ్డా చేరని నీరు

కొలరాడో నది అమెరికా నైరుతి భాగంలోని ఎడారి రాష్ట్రాలకు ప్రాణాధారం. రాకీ పర్వతాల్లో పుట్టి, గ్రాండ్ కాన్యన్ మీదుగా సుమారు 2,330 కిలోమీటర్లు సాగుతుంది. దాదాపు 4 కోట్ల మంది తాగునీటికీ, ఇంపీరియల్ వ్యాలీ, యూమా పొలాలకూ ఈ నీరే దిక్కు. మెక్సికోలో సముద్రంలో కలవాల్సిన నది, 1960ల తర్వాత చాలా ఏళ్లు అక్కడిదాకా వెళ్లనే లేదు.

ఈ నదిని పోషించేది వానకన్నా మంచు. శీతకాలమంతా కొండల మీద పేరుకున్న మంచు ఏప్రిల్ నుంచి జులై దాకా కరిగి నదిలోకి దిగుతుంది. మంచు తక్కువ పడిన ఏడాది నీరు తగ్గితే వింతేమీ లేదు. 2021 కథ వేరు. ఎగువ పరీవాహకంలో మంచు సగటులో 80 శాతానికి పైగానే పడింది. ఆ ఎగువ నీరు వచ్చి చేరే పావెల్ జలాశయానికి మాత్రం ఆ నీటి సంవత్సరంలో సగటు ప్రవాహంలో మూడో వంతే వచ్చింది. అంతకుముందు ఏడాది వేడికి నెర్రెలిచ్చిన నేల, కరిగిన నీటిని ముందు తానే తాగేసింది.

ఎండది ఇంకో దెబ్బ. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అది త్వరగా కరిగిపోతే బయటపడ్డ నేల ఆ వేడిని పీల్చుకుంటుంది, తేమ ఆవిరవుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి నది వార్షిక ప్రవాహం 9 శాతం పైచిలుకు పడిపోతుందని అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు మిల్లీ, డన్ 2020లో లెక్కగట్టారు.

పంపకం మాత్రం పాత లెక్క మీదే నడుస్తోంది. 1922 ఒప్పందం ఎగువ, దిగువ రాష్ట్రాలకు చెరి సగం రాసింది; టీఎంసీల్లో చెప్పాలంటే ఏటా సుమారు 327 చొప్పున. 1944లో మెక్సికోకు మరో 65. ఒప్పందం రాసిన వాళ్ల చేతిలో ఉన్నవి మంచి తడి ఏళ్ల రికార్డులు. కృష్ణా జలాల్ని పంచిన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం ఏళ్లలో ఖాయంగా దొరికే నీటినే లెక్కలోకి తీసుకుంది. ఆ జాగ్రత్త ఇక్కడ లేదు. కాగితం మీది వాటాలు కలిపితే 700 టీఎంసీలు దాటుతాయి. 2000 తర్వాత సహజ ప్రవాహం సగటున 540 దరిదాపుల్లోనే ఉంది.

ఆ లోటు హూవర్ డ్యామ్ వెనక మీడ్ జలాశయంలో కంటికి కనిపిస్తుంది. దాని సామర్థ్యం 1,100 టీఎంసీలకు పైనే, నాగార్జునసాగర్‌కు మూడున్నర రెట్లు. 2022 జులైలో అందులో మిగిలింది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. నీరు దిగిన మేర రాళ్ల మీద తెల్లటి ఖనిజపు పట్టీ తేలింది. 1938లో మునిగిన సెయింట్ థామస్ ఊరి పునాదులు అంతకు చాలా ముందే బయటపడ్డాయి.

2021 ఆగస్టులో ప్రభుత్వం తొలిసారి నీటి కొరత ప్రకటించింది. మొదటి వేటు అరిజోనాలోని పినాల్ కౌంటీ పత్తి, అల్ఫాల్ఫా రైతుల మీద పడింది. 2023లో భారీగా మంచు కురిసి మట్టం కొంత పెరిగింది గానీ తగాదా ఆగలేదు: మా వాటా మేమెన్నడూ పూర్తిగా వాడుకోలేదని ఎగువ రాష్ట్రాలు, కోతలు అందరూ పంచుకోవాలని దిగువ రాష్ట్రాలు. కొరత కాలానికి 2007లో రాసుకున్న నిబంధనల గడువు 2026తో తీరుతుంది.