పూతరేకు వెనక పాత పంచె

పూతరేకుల గురించి మాట్లాడేటప్పుడు బియ్యం సంగతి చెబుతారు, నెయ్యి సంగతి చెబుతారు, కుండ సంగతీ చెబుతారు. గుడ్డ సంగతి ఎత్తేవారు తక్కువ. ఆత్రేయపురంలో జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళంత పలచగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పలచని నూలు గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కాలుతున్న కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ దిగేసరికి కుండ మీద రేకు పేరుకుని ఉంటుంది.

కొత్త గుడ్డతో ఈ పని అంత తేలిక కాదు. మగ్గం దిగిన బట్టలో గంజి ఉంటుంది, పోగు బిరుసుగా ఉంటుంది. పిండిని సమంగా పీల్చుకోదు, సమంగా వదలదు. ఏళ్ళ తరబడి ఉతుకులు తిని, నలిగి, పలచబడ్డ తెల్లని నూలు ముక్క దీనికి బాగా నప్పుతుంది. ఇక కట్టుకోవడానికి పనికిరాదని పక్కన పెట్టిన పంచె ఇక్కడ కొత్తదానికన్నా విలువైనది. చిరిగిన బట్టను ఉంచుకోవాలా, కుట్టుకోవాలా, పారేయాలా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ఆ ప్రశ్నకు మన పెద్దవాళ్ళు చెప్పుకున్న జవాబుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

గోదావరి పాయల వెంట బట్టకు పెద్ద చరిత్రే ఉంది. 17, 18 శతాబ్దాల్లో నర్సాపురం దగ్గరి మాధవాయపాలెం, గౌతమి ఒడ్డున ఇంజరం, అమలాపురం వైపు బెండమూర్లంక ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారానికి స్థావరాలు. యానాంలో ఫ్రెంచివాళ్ళు, పాలకొల్లులో డచ్చివాళ్ళు. ఇక్కడి నేతగాళ్ళు నేసిన మెత్తని తెల్లబట్ట మాధవాయపాలెం పేరుతోనే సముద్రాలు దాటింది. తరవాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో తామే బట్ట తయారుచేసి అమ్ముకున్నాయి. 1833లో కంపెనీ వ్యాపారానికి తెరపడింది. అప్పటికే మన మగ్గాలు మిల్లు బట్ట ముందు నిలవలేకపోతున్నాయి. ఆ రోజుల్లోనే డొక్కల కరువు అనే ఘోర క్షామం వచ్చింది. 1852లో గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, పంటలు నిలిచాక గానీ డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడలేదు. అప్పుడైనా బట్ట కొనడమంటే పండక్కో, పెళ్ళికో. అందుకే ఉన్న పంచెను చివరి పోగు దాకా వాడుకునే పద్ధతి ఇళ్ళలో గట్టిగా పాతుకుపోయింది.

ఆ పద్ధతికి ఒక వరస ఉంది. పంచె ముందు నడిమి భాగంలో పలచబడుతుంది, అంచుల దగ్గర గట్టిగానే ఉంటుంది. అలాంటిదాన్ని నిలువునా చీల్చి, బాగున్న అంచులను మధ్యకు తెచ్చి అతుకు వేస్తే మరికొన్నాళ్ళు నడుస్తుంది. చిన్న చిరుగైతే దారంతో కుట్టు, పెద్దదైతే మాసిక. పొలం పనికి మాసిక బట్ట, ఊళ్ళోకి వెళ్ళడానికి మంచి బట్ట. శుభకార్యానికి చిరుగు బట్ట కట్టరు, నిప్పు తగిలి కాలినది అసలే కట్టరు. కుట్టు ఇక నిలవదనుకున్నప్పుడు కత్తెర పడుతుంది. పెద్ద ముక్కలు బొంతలోకి వెళ్తాయి, మెత్తని చీర ఉయ్యాలవుతుంది. పురిటి బిడ్డకు పొత్తిగుడ్డలు కొత్త బట్టలోంచి చింపరు. ఆ లేత ఒంటికి అరిగిన నూలే హాయి. శుభ్రమైన తెల్ల ముక్క ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి, మరొకటి మజ్జిగ వడకట్టడానికి. పొయ్యి దగ్గర మసిగుడ్డ, దెబ్బ తగిలితే కట్టుపీలిక, చిట్టచివరికి కాగడా. పూతరేకుల గుడ్డ ఈ వరసలో ఎక్కడో మధ్యన ఉంటుంది. అప్పటికి బట్ట ఒంటిని వదిలింది, వంటింటిని ఇంకా వదల్లేదు.

ఇదంతా ఆడవాళ్ళ లెక్క. ఏ చీరలో ఇంకెంత సత్తువ ఉందో వేళ్ళ మధ్య నలిపి చెప్పగలిగేవారు. ఏ ఖాతా పుస్తకంలోనూ ఎక్కని ఈ తెలివికి చరిత్రలో చోటు దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ తెలివి ఇళ్ళను ఆదుకుంది. 1943లో నూలు, బట్టల మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. డబ్బున్నా బట్ట దొరకని రోజులవి. ఆ కాలం దాటివచ్చినవారు పీలికను కూడా ఎందుకు దాచేవారో వేరే చెప్పాలా!

ఆ వరసను తెంపింది లేమి కాదు, పాలిస్టర్. టెర్లిన్ చొక్కా, నైలాన్ చీర వచ్చాక ఉతుకు సులువైంది, ఇస్త్రీ బెడద తగ్గింది, బట్ట త్వరగా చిరగడం మానేసింది. కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయలేను. కానీ ఆ బట్ట ఎంత అరిగినా మెత్తబడదు, తడి పీల్చదు, వేడి తగిలితే కరుగుతుంది. పొత్తిగుడ్డగా పనికిరాదు, మసిగుడ్డగా పనికిరాదు, కుండ మీద అసలు పెట్టలేం. దాంతో పాత బట్టలు స్టీలు గిన్నెలకు, ప్లాస్టిక్ బిందెలకు మారకం అయ్యాయి. దేశమంతటా ఇలా పోగయ్యే వాటిలో ఎంతో భాగం చివరికి పాత బట్టల సంతల్లో తేలుతోంది. పానిపట్టులో ఉన్ని బట్టలను చీల్చి తిరిగి దారం తీసే పరిశ్రమ పెద్దదే. కానీ రెండు మూడు రకాల పోగులు కలిసిన బట్టను విడదీయడం ఈనాటికీ కష్టమే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊళ్ళో ఎన్నో కుటుంబాలకు, ముఖ్యంగా రేకులు తీసే ఆడవాళ్ళకు, ఇదే బతుకుతెరువు. పెట్టెలు విమానాలెక్కి అమెరికా దాకా వెళ్తున్నాయి. ఇప్పుడు ఇళ్ళలో అచ్చమైన నూలు పంచె కట్టేవారు తగ్గారు కాబట్టి, అరిగిన తెల్లగుడ్డ అడిగినంత సులువుగా దొరికేది కాదు. కొన్న గుడ్డలో ఏ పోగు కలిసిందో, ఏ రసాయనం పట్టిందో కొన్నవారికి తెలియదు. తినే రేకును నేరుగా తాకే గుడ్డ అది.

అమలాపురం పక్కన బండారులంకలో ఇప్పటికీ చేనేత ఉంది. పలచని నేతతో, రంగు లేకుండా, గంజి పూర్తిగా పోయేలా ఉతికిన నూలు గుడ్డను రేకుల పని కోసమే అక్కడ నేయించవచ్చు. పూతరేకుల తయారీదారుల సంఘం, చేనేత సహకార సంఘం కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఎంత వెడల్పు కావాలో, పోగు ఎంత సన్నంగా ఉండాలో చెప్పడానికి కుండ దగ్గర కూర్చునే ఆడవాళ్ళను ముందుగా పిలవాలి.