చిగుళ్ళ కింద కరకట్ట

కృత్తివెన్ను నుంచి లోసరి వంతెన మీద ఉప్పుటేరు దాటితే పశ్చిమగోదావరి. ఇంకాస్త ముందుకు పోతే భీమవరం, 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన ఊరు. అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలన్నిటికీ ఆయన పెద్దగా ఉన్న రోజుల్లోనే, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ మట్టిలోంచి ఒక సూక్ష్మజీవిని పట్టాడు. దాని నుంచి వచ్చిన ఆరియోమైసిన్ 1948లో మార్కెట్లోకి దిగింది. టెట్రాసైక్లిన్లనే యాంటీబయాటిక్ మందుల కుటుంబంలో మొదటిది అదే. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు పోయారు.

ఆ మందులకూ చిగుళ్ళకూ చుట్టరికం మూడు దశాబ్దాల తర్వాత కలిసింది.

అంతవరకూ పయోరియా అనే చిగుళ్ళ జబ్బు వచ్చినవాళ్ళకు దారులు తక్కువ. గార గీయించుకోవాలి, ఉప్పూ పసుపూ రుద్దుకోవాలి, పన్ను ఊగడం మొదలైతే పీకించుకోవాలి. మాత్ర మింగితే మందు ఒళ్ళంతా తిరుగుతుంది, చిగురు సందులోకి చేరేది కొద్దిగానే. 1979లో బోస్టన్ ఫోర్సిత్ సంస్థలో మాక్స్ గుడ్సన్ బృందం టెట్రాసైక్లిన్ నింపిన సన్నటి గొట్టపు పోగుల్ని ఆ సందులోనే పెట్టి చూసింది. 1983లో లోర్న్ గోలబ్ అనే పరిశోధకుడు ఇంకో సంగతి బయటపెట్టాడు. ఈ మందులు క్రిముల్ని చంపడంతో సరిపెట్టవు, చిగురు కొలాజెన్‌ను తినేసే మన ఒంటి ఎంజైమును కూడా అడ్డుకుంటాయి. ఆ ఆధారంతోనే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ క్యాప్సూల్‌కు 1998లో అమెరికా అనుమతి ఇచ్చింది.

అయితే ఇదంతా నష్టాన్ని ఆపడమే. జబ్బుతో పంటి చుట్టూ పోయిన ఎముకను తిరిగి తెప్పించడం వేరే కథ.

శుభ్రం చేసిన పంటి వేరు మీదికి అన్నిటికంటే ముందు పాకేది చిగురు పైపొర. నిదానంగా పెరిగే ఎముకకూ, పంటిని పట్టి ఉంచే నారకూ చోటు దక్కదు. వేరు మీద మొదట ఏ కణాలు చేరితే గాయం ఆ తీరుగా మానుతుందని 1976లో మెల్చర్ ప్రతిపాదించాడు. 1982లో స్వీడన్‌లో నైమన్, లిండే, కారింగ్ బృందం ఒక రోగి కింది ముందు పంటికి వడపోత కాగితంలాంటి పొరను అడ్డం పెట్టి దాన్ని రుజువు చేసింది. ఉప్పునీరు చేలోకి రాకుండా కరకట్ట వేసినట్టే! లోపల నార మళ్ళీ అతుక్కుంది.

మొదటి పొరలు కరగవు, తీయడానికి మళ్ళీ కోయాలి. అందుకే కరిగే కొలాజెన్ వచ్చింది, ఎక్కువగా పందుల నుంచీ పశువుల నుంచీ. 1990ల్లో వచ్చిన ఎమ్డోగెయిన్ జెల్ కూడా పంది పిల్లల పంటి మొగ్గల సరుకే. మన దేశంలో ఇలాంటివాటికి ఒప్పుకోని రోగులుంటారు. చెన్నై యూకేర్ కంపెనీ, చిగురు సందులో మందు ఉంచే తన పెరియోకాల్ చిప్‌కు మంచినీటి చేపల కొలాజెన్ వాడింది. కృత్తివెన్ను, కైకలూరు వైపు చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె పొలుసుల్లో ఉన్నదీ అదే రకం, టైప్-1. పొలుసు గీకి పారేసే చోట ఈ ముక్క ఎందరి చెవిన పడిందో!

2001లో ఫ్రాన్స్‌లో షూక్రూన్ ఇంకా చవక దారి చూపాడు. రోగి రక్తాన్నే సెంట్రిఫ్యూజులో తిప్పి, వచ్చిన ఫైబ్రిన్ గడ్డను గాయంలో పెట్టాడు. మన డెంటల్ కాలేజీల్లో అది బాగా నాటుకుంది.

ఏ పొరైనా లోతుగా, ఇరుగ్గా ఉన్న ఎముక గుంతలోనే బాగా పనిచేస్తుంది. దవడ పొడుగునా ఎముక సమంగా అరిగిపోయినచోట కట్ట నిలవడానికి గోడలే ఉండవు. పొగతాగేవాళ్ళలో ఫలితం ఇంకా తక్కువ.