అచ్చమాంబగారి రత్నమాల



లైబ్రరీకి వెళితే మనం సాధారణంగా నవలల బీరువా దగ్గరే ఆగిపోతాం. అందులో తప్పేమీ లేదు, నేనూ అక్కడే ఆగుతాను. కాని ఈవేళ ఆ పక్కన చరిత్ర పుస్తకాల్లో వెతకవలసిన ఒక పుస్తకాన్ని గురించి చెబుతాను. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని, 1901లో అచ్చయింది. రాసింది భండారు అచ్చమాంబగారు.

పేరు చూసి ఏవో నీతికథలనుకొని పక్కన పెట్టేయకండి. ఆడవాళ్ళు బలహీనులనీ, తెలివితక్కువ వాళ్ళనీ, చదువు చెబితే చెడిపోతారనీ పెద్దమనుషులే అంటూండిన రోజులవి. అది అబద్ధమని వాదించి ఊరుకోలేదు ఆవిడ. దేశం నలుమూలలా పుట్టిన స్త్రీల జీవితాలు వెతికి తెచ్చి ముందు పెట్టారు.

ఇంతా చేసి ఆవిడ బడి మెట్లెక్కిన మనిషి కాదు. 1874లో కృష్ణాజిల్లాలో పుట్టారు. పదేళ్ళకే పెళ్ళయింది. తర్వాత తమ్ముడు ఆవిడ దగ్గరే ఉండి చదువుకుంటూంటే, ఆయన పక్కన కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకున్నారు. ఆ తమ్ముడెవరో కాదు, 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు! తమ్ముడి పేరు మనకు పాఠాల్లో వచ్చింది గాని అక్కగారి పేరు రాలేదు, చూశారూ? భర్తగారి ఉద్యోగం మధ్యపరగణాలలో. అక్కడుండగా మరికొన్ని భాషలూ పట్టుబడ్డాయి. తెలుగులో దొరకని సంగతులు ఆవిడకు దొరికాయంటే అందువల్లనే.

ఇందులో ఖనా చరిత్ర తప్పక చదవండి. ఆమె జ్యోతిషంలో దిట్ట, వరాహమిహిరుని కోడలని ప్రతీతి. మామగారిని మించిపోయిందని ఆమె నాలుక కోసేశారట. ఇలాంటిచోట ఇది చరిత్రా, కట్టుకథా అని మనం అడగవలసిందే. వరాహమిహిరుడు 6వ శతాబ్దంవాడు. ఆమె ఆయన కోడలనడానికి గట్టి ఆధారమేదీ లేదు. బెంగాలు పల్లెల్లో మాత్రం వానకూ, విత్తుకూ, పంటకూ సంబంధించిన సామెతలెన్నో ఖనా పేరుమీదనే చెలామణీ అవుతున్నాయి. నాలుక కోసినా మాట పోలేదన్నమాట!

భాష గ్రాంథికం. మొదట్లో కాస్త అడ్డుపడుతుంది. రోజుకు రెండు పేజీల చొప్పున పైకి చదువుకుంటే నాలుగోనాటికి అలవాటవుతుంది. ఇంట్లో అత్తగారుంటే ఆవిడకు చదివి వినిపించండి, మనకు తెలియని మాటలు కొన్ని ఆవిడకు తెలిసి ఉంటాయి.

ఆవిడ రాతతోనే సరిపెట్టుకోలేదు. 1902లో బందరులో స్త్రీల సమాజం పెట్టించారు. కన్నబిడ్డలు పోయిన దుఃఖంలో ఉండికూడా అనాథ పిల్లలను చేరదీసి పెంచారు. 1905లో బిలాస్‌పూరులో ప్లేగు రోగులకు సేవ చేస్తూ కన్నుమూశారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు! తలపెట్టిన మిగతా భాగాలు అలాగే మిగిలిపోయాయి.

అంత పెద్ద పుస్తకం చదివే తీరిక లేదంటారా? అయితే 1902లో ఆవిడ రాసిన 'ధనత్రయోదశి' అనే చిన్న కథతో మొదలుపెట్టండి. గురజాడవారి 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళు ముందుది. పండుగపూట చేతిలో కాసు లేని ఒక ఇల్లాలు, భర్త తెచ్చిన దొంగసొమ్మును ముట్టనంటుంది. అన్నం వార్చి, పప్పు ఉడికేలోపల చదవడం అయిపోతుంది.