బెజవాడ శ్రామికులు - క్షయవ్యాధి

విజయవాడను అందరూ బెజవాడ అని పిలుచు రోజులలో, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఆ పట్టణము దాదాపు ఇబ్బడి అయినది. 1921 లెక్కలలో 44 వేలున్న జనము 1941 నాటికి 86 వేలు దాటినది. 1855లో ముగిసిన ఆనకట్ట డెల్టాలో వరిని పండించినది. 1893లో కృష్ణపై రైలు వంతెన పడినది. ధాన్యము, రైలు కలిసిన చోట బియ్యపు మిల్లులు, రైల్వే షెడ్లు, అచ్చుకూటములు వెలసినవి. పనికోసము పల్లెలనుండి వచ్చినవారు ఇరుకు గదులలో కాపురముండిరి.

క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి అని రాబర్ట్ కాక్ 1882లోనే నిరూపించెను. రోగి దగ్గినపుడు వెలువడే తుంపరలు గాలిలో తేలుచు పక్కవారి ఊపిరితిత్తులను చేరును. అయితే క్రిమి చేరిన ప్రతివాడును రోగి కాడు. ఎక్కువమందిలో అది అణగియే ఉండును. మరి వృత్తికి ఇందులో పాత్ర ఏమి?

దుమ్ము అనగానే మనకు మిల్లులోని ఊక దుమ్ము గుర్తు వచ్చును. ఊకలోను, కొండరాతిలోను ఉన్నది సిలికాయే. కాని ఊకలోని సిలికాకు సాధారణముగా స్ఫటికరూపము లేదు. ఆనకట్టకు రాయి పక్క కొండలనుండియే వచ్చినది. అటువంటి రాతిని కొట్టునపుడు లేచే క్వార్ట్జు పొడి స్ఫటికరూపమైనది. క్షయక్రిములను మింగి అదుపుచేసే కణాలనే అది చంపును. కనుక దగ్గు తెప్పించుటలో ఊక దుమ్ము ఘనమే గాని, క్షయకు దారితీయుటలో రాతి దుమ్ముదే పైచేయి. కంపోజిటరు సంగతి వేరు. క్షయ విషయములో అతనికి సీసపు అక్షరాల కంటె, గాలి ఆడని గదిలో దగ్గే తోటివాని పక్కన రోజంతా నిలబడుటయే పెద్ద ప్రమాదము.

1923 నాటి కార్మిక పరిహార చట్టము వృత్తి వ్యాధుల పట్టికలో సీసపు విషమును చేర్చినది, క్షయను చేర్చలేదు. అందులో తర్కము లేకపోలేదు. సీసము పనిచోటనే అంటును. క్షయ ఇంటిలో అంటినదో, షెడ్డులో అంటినదో ఎవరు చెప్పగలరు? కాని ఆ సందేహపు ఖర్చంతయు కూలివానిపైననే పడినది.

ఆనాడు క్రిమిని చంపే మందు లేదు. విశ్రాంతి, మంచిగాలి, పాలు, గుడ్లు - ఇదే చికిత్స. కొందరికి రొమ్ములోనికి గాలి ఎక్కించి, ఊపిరితిత్తిని ముడిచి, దానికి కూడ విశ్రాంతి కల్పించెడివారు. 1912లో మదనపల్లెలో ఆరంభమై 1915లో ఆరోగ్యవరమునకు మారిన శానిటోరియము బెజవాడకు వందల మైళ్ల దూరము. నెలల తరబడి మంచముపై ఉండుటయే వైద్యమైనపుడు రోజుకూలిపై బ్రతుకువాడు ఏమి చేయగలడు? దగ్గు దాచుకొని పనికి పోవును. ఆ దగ్గు పక్కవానిని చేరును. ఈ రోగమును పెంచుటలో దుమ్ముకు ఎంత పాలు ఉన్నదో, పని మానిన నాడు కూలి లేకపోవుటకును అంత పాలు ఉన్నదని నా అభిప్రాయము.

ఈ ముడి మద్రాసులో విడినది. 1956లో అక్కడ నెలకొల్పిన పరిశోధన కేంద్రము ఐసోనియాజిడ్, పాస్ అను మందులను పేద రోగులలో కొందరికి ఇంటివద్ద, కొందరికి శానిటోరియములో ఏడాదిపాటు ఇచ్చి చూచినది. శానిటోరియమువారు బాగా తినిరి, బాగా విశ్రమించిరి, ఎక్కువ బరువెక్కిరి. అయినను 1959లో వెలువడిన ఫలితములలో రెండు జట్ల స్వస్థత దాదాపు సమానము! ఇంట ఉంచినందువలన కుటుంబీకులకు అంటుట కూడ హెచ్చలేదని తరువాతి పరిశీలనలో తేలినది.

తిండి మాట అంతటితో తీరలేదు. 2023లో ప్రకటితమైన జార్ఖండ్ పరిశోధనలో, రోగి కుటుంబీకులకు కూడ అదనపు ఆహారము అందించిన ఇళ్లలో, అందించని ఇళ్లతో పోల్చగా, కొత్తగా క్షయ బయటపడుట 39 శాతము తగ్గినది.