ఒక్కరి కోసం రాసిన సెక్షన్

హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ గడియారం కింద నిలబడితే ఈ కథ జరిగిన చోట్లు కొన్ని నడక దూరమే. ఆబిడ్స్ చుట్టుపక్కల అద్దె భవనాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి పాఠాలు సాగాయి. నాంపల్లి దాటితే శాసనసభ. మూసీ వైపు వెళ్లి నయాపూల్ దాటితే హైకోర్టు.

మార్కెట్‌కు పేరిచ్చిన మొజంజా తండ్రి ఏడో నిజామే 1918లో ఉస్మానియాను నెలకొల్పాడు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను అక్కడినుంచి వెళ్లగొడితే నాగపూర్ విశ్వవిద్యాలయం చేరదీసింది. అటు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కట్టమంచి రామలింగారెడ్డి 1930లోనే బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా వైస్ ఛాన్సలర్ (వీసీ) పదవి వదులుకున్నారు. సర్కారుతో పొసగకపోతే అప్పట్లో తప్పుకోవడమే దారి.

ఎదురునిలిచి అడిగే దారి డి.ఎస్. రెడ్డితో తెరుచుకుంది. 1957 నుంచి ఉస్మానియా వీసీ ఆయన. 1964లో మరో ఐదేళ్లకు నియమించారు. మరుసటి ఏడే, కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం విశ్వవిద్యాలయాలపై తన పట్టు పెంచే సవరణలు తలపెట్టింది. అధ్యాపకులు వ్యతిరేకించారు, రెడ్డి కూడా. 1966లో సవరణ వచ్చింది. వీసీ గడువు ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. అయితే అందులోనే ఒక మంచి రక్షణ ఉంది: వీసీని తొలగించాలంటే హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తి విచారణ జరపాలి, వీసీ తన వాదన చెప్పుకోవాలి. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం అదే.

ఆ ఏడాదే రెండో సవరణ తెచ్చి 13-ఎ సెక్షన్ చేర్చారు. చట్టం అమల్లోకి వచ్చిన తొంభై రోజుల్లోగా కొత్త వీసీని నియమించాలి, ఉన్నాయన అప్పటిదాకానే. నేరారోపణ లేదు, విచారణ లేదు. ఆ సెక్షన్ వర్తించేది ఒక్క మనిషికే. రాష్ట్రం మొత్తానికి చట్టాలు చేసే సభ ఒక వీసీని కుర్చీ నుంచి దింపడానికి కూర్చోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

హైకోర్టులో రెడ్డి ఓడిపోయారు. 1967 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 13-ఎను కొట్టేసింది. మిగతా వీసీలందరికీ ఉన్న విచారణ రక్షణ ఈయనకు మాత్రం ఎందుకు లేదని అడిగి, అది రాజ్యాంగంలో సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణకు విరుద్ధమని తేల్చింది.

ఆ రక్షణ మామూలు అధ్యాపకుడి దాకా రాలేదు. అమలాపురంలో పుట్టిన జి.ఎన్. సాయిబాబా ఢిల్లీలో రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పేవారు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో పడిన శిక్షపై అప్పీలు తేలకముందే, 2021లో కళాశాల ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. 2024 మార్చిలో బాంబే హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. మళ్లీ పాఠం చెప్పాలని ఆయన కోరుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో కన్నుమూసేనాటికీ ఆ ఉద్యోగం తిరిగి రాలేదు.