సోనీ జెడ్‌వీ-1, కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3: మీ పనికి ఏది?

ఫోన్ పక్కన పెట్టి చిన్న కెమెరా కొందామనుకునే వీడియోవాళ్లకు ఎక్కువగా వినబడే పేర్లు రెండు. ఒకటి 2019లో వచ్చిన కానన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3, ఇంకోటి 2020లో వచ్చిన సోనీ జెడ్‌వీ-1. కోహీర్‌లో చిట్టీ ఎత్తో, గల్ఫ్‌లో ఉన్న అన్న పంపిన పైసలతోనో కొనేవాళ్లకు ఇది మళ్లీ మళ్లీ పెట్టే ఖర్చు కాదు.

డబ్బా మీద చదివితే రెండూ ఒక్కతీరే ఉంటాయి. ఒక అంగుళం సెన్సర్, 20.1 మెగాపిక్సెల్, 4కే వీడియో, బయటి మైక్ పెట్టుకునే జాక్ రెండింట్లో ఉన్నాయి. బరువు కూడా చెరో 300 గ్రాముల దగ్గరే.

తేడా లెన్స్‌తో మొదలవుతుంది. కానన్‌ది 24 నుంచి 100 ఎం.ఎం., సోనీది 70 దగ్గరే ఆగిపోతుంది. దర్గా ఉర్సులో జనం వెనుక నిలబడి కవ్వాలీ స్టేజీ తీయాలంటే ఆ 30 ఎం.ఎం. చాలా పనికొస్తుంది. నికా, వలీమాల్లో ఫొటోలు కూడా తీసేవాళ్లకు కానన్‌లో ఫ్లాష్ లోపలే ఉంది. సోనీలో లేదు, పైన విడిగా బిగించుకోవాలి, అంటే ఇంకో ఖర్చు.

వీడియో ఫోకస్‌లో మాత్రం సోనీదే పైచేయి. మనిషి ముందుకి, వెనక్కి నడిచినా ముఖాన్ని వదలదు. వస్తువును లెన్స్ ముందుకు తెస్తే దాని మీదికి వెంటనే ఫోకస్ మార్చే బటన్ కూడా ఉంది. కోహీర్ జామపండ్లు చేతిలో పట్టుకుని చూపిస్తూ వీడియో పెట్టే తోటవాళ్లకు ఇది ఒక్కటి చాలు. గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు డబ్బాలోనే ఇస్తారు. పక్కనే పస్తాపూర్‌లో డీడీఎస్ మహిళలు ఏళ్ల కిందటే వీడియో కెమెరా పట్టి పంటల మీద సినిమాలు తీశారు. అలాంటి పనిలో బొమ్మ కొంచెం తగ్గినా నడుస్తుంది, మాట వినబడకపోతే నడవదు.

4కే చూసి మురిసిపోకండి. కానన్ ఒక్కో క్లిప్‌ను 10 నిమిషాల లోపే ఆపేస్తుంది. సోనీలో వేడి సెట్టింగ్ మార్చకపోతే 5 నిమిషాలకే ఆగొచ్చు. నికా ఖుత్బా మధ్యలో ఆగిందంటే పార్టీకి ఏం జవాబు చెప్తారు? ఫుల్ హెచ్‌డీలో తీయండి.

బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే కానన్‌ది 235 ఫొటోలు, సోనీది 260. ఏది కొన్నా ఇంకో రెండు బ్యాటరీలు లెక్కలో వేసుకోవాల్సిందే. సోనీ మామూలు పవర్ బ్యాంక్‌తో చార్జ్ అవుతుంది. కానన్‌కు పీడీ రకం చార్జర్ కావాలి.

బిల్లు సంగతి. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది కూడా మిగులుతుందని బిల్లు లేకుండా కొంటే వారంటీకి ఆధారం ఉండదు. జీఎస్టీ నంబర్ ఉన్న స్టూడియోవాళ్లు బిల్లు మీద తమ నంబర్ వేయించుకోవాలి, ఇన్‌పుట్ క్రెడిట్‌కు అదే ఆధారం. దుబాయ్ నుంచి తెప్పించుకునేవాళ్లు ఇక్కడి సర్వీస్ సెంటర్ ఆ వారంటీని ఒప్పుకుంటుందా అని ముందే అడగండి.

నన్నడిగితే వీడియోనే బతుకుతెరువు అయినవాళ్లకు సోనీ, ఫొటోల ఆర్డర్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు కానన్.